'ఇది మందు కాదు కదా మేడమ్': బీపీ మాత్రలు, జిమ్ పౌడర్లు - అపోహలు, వాస్తవాలు

బెంగళూరులో మారతహళ్లి వైపు ఒక ఆస్పత్రిలో పన్నెండేళ్లుగా క్లినికల్ ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. డాక్టర్ చూసే ముందు రోగి పక్కన కూర్చుని ఏయే మందులు వాడుతున్నారో రాసుకోవడం నా పని. వచ్చేవాళ్లలో మనవాళ్లు చాలామంది. మదనపల్లె, కడప, అనంతపురం, నెల్లూరు నుంచి వచ్చి పీజీల్లో ఉండే పిల్లలు, వాళ్లను చూసుకోవడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన అమ్మానాన్నలు. "ఏం మందులు వేసుకుంటున్నారు?" అని అడిగితే మాత్రల పేర్లు గడగడా చెప్పేస్తారు. పొడుల సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు.

అపోహ: సప్లిమెంట్ మందు కాదు, డాక్టరుకి చెప్పాల్సిన పని లేదు.

ఈ ఒక్క మాట చేసినంత నష్టం మిగతా అపోహలన్నీ కలిపినా చేయడం నేను చూడలేదు. అందుకే ఎక్కువగా దీని గురించే రాస్తున్నాను.

మదనపల్లె నుంచి వచ్చిన ముప్పై నాలుగేళ్ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. బీపీకి టెల్మిసార్టాన్ 40 మిల్లీగ్రాములతో మొదలైంది. కొన్నాళ్లకి 80 అయింది. తర్వాత ఆమ్లోడిపిన్ చేరింది, ఆ తర్వాత నీరు తీసే మాత్ర. ప్రతిసారీ శనివారం పొద్దున పది గంటలకి వచ్చేవాడు, ప్రతిసారీ 156/98, 160/100. ఉప్పు తగ్గించాడు. పచ్చళ్లు మానేశాడు. చివరికి ఒక బుధవారం పీజీ మెట్ల మీద కళ్లు తిరిగి కూలబడ్డాడు. తీసుకొచ్చి చూస్తే బీపీ 98/60.

రాత్రి బస్సెక్కి వాళ్లమ్మ వచ్చింది. మర్నాడు గుడ్డసంచిలోంచి నల్ల డబ్బా ఒకటి తీసి నా ముందు పెట్టింది. "పొద్దున్నే నీళ్లలో కలుపుకోని తాగతాడమ్మా. బూస్ట్ మాదిరి పొడే కదా ఇది?" అంది. మూత తీశాను. నీలం రంగు పొడి తేమకి గడ్డకట్టి, ప్లాస్టిక్ స్కూపు అందులో ఇరుక్కుపోయి ఉంది. లేబుల్ మీద అక్షరాలు ఎంత చిన్నవంటే ఫోన్‌తో ఫోటో తీసి పెద్దది చేసుకుని చదవాల్సి వచ్చింది. ఒక స్కూపుకి కెఫీన్ 300 మిల్లీగ్రాములు. దాని కింద 'ప్రొప్రైటరీ బ్లెండ్' అని రాసి సినెఫ్రిన్, యోహింబిన్ అని పేర్లు మాత్రం ఇచ్చారు. ఏది ఎంత ఉందో రాయలేదు.

ఆ 300 ఎంతో చూడండి. మన దేశంలో ఎనర్జీ డ్రింకులకి ఆహార ప్రమాణాల సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2016లో పెట్టిన ప్రమాణం ప్రకారం లీటరుకి 300 మిల్లీగ్రాములకి మించి కెఫీన్ ఉండకూడదు. అంటే పావు లీటరు క్యాన్‌లో 75. ఆ అబ్బాయి తాగిన ఒక్క స్కూపు నాలుగు క్యాన్లతో సమానం, అదీ పరగడుపున, ఒక్క గుక్కలో. ఆరోగ్యవంతులైన పెద్దవాళ్లకి రోజు మొత్తానికి 400 దాకా ఫరవాలేదని అమెరికాలో ఆహారం, మందుల నియంత్రణ చూసే ఎఫ్‌డీఏ చెబుతుంది. బీపీ ఉన్నవాళ్లని దృష్టిలో పెట్టుకుని చెప్పిన లెక్క కాదది. పైగా ఇతను ఆఫీసులో రెండు కాఫీలు కూడా తాగుతాడు.

శనివారాలు పొడి తాగి ఎనిమిదింటికి జిమ్, పదింటికి మా ఓపీ. కెఫీన్ సగం తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. మేం చూసిన ప్రతి రీడింగూ పౌడర్ మీద ఉన్న రీడింగే. మాత్రలు పనిచేయడం లేదని అందరం అనుకున్నాం. అవి పనిచేస్తూనే ఉన్నాయి. పౌడర్ తాగిన రోజున బీపీ వాటిని దాటి పైకి పోయేది. తాగని రోజున మూడు మాత్రల బలం మొత్తం ఒంటి మీద పడేది. మెట్ల మీద కూలబడింది అందుకే.

అతను దాచలేదు. "మీరు మందుల గురించే అడిగారు మేడమ్. ఇది మందు కాదు కదా" అన్నాడు. తప్పు నా ప్రశ్నలోనే ఉందని ఆ రోజు నాకు అర్థమైంది.

దీని వెనకాలే వచ్చే మాట ఇంకొకటి: "బీపీ మాత్ర వేసుకుంటున్నాను కదా, పౌడర్ ఏం చేస్తుంది?" టెల్మిసార్టాన్ ఆపేది యాంజియోటెన్సిన్ అనే హార్మోన్ పనిని. సినెఫ్రిన్, ఎఫెడ్రిన్ లాంటివి రక్తనాళాలను బిగించేది నార్‌అడ్రినలిన్ అనే మరో రసాయనం దారిలో. యోహింబిన్ నరాల చివర్ల నుంచి ఆ నార్‌అడ్రినలిన్‌నే ఇంకా ఎక్కువగా వదిలిస్తుంది. ఒక దారికి తాళం వేసినంత మాత్రాన రెండో దారి మూతపడదు. క్లోనిడిన్ అనే బీపీ మందు వాడేవాళ్లకైతే యోహింబిన్ నేరుగా ఆ మందుకే అడ్డం పడుతుంది.

టెన్షన్ కోసమో మైగ్రేన్ కోసమో ప్రొప్రనలాల్ వేసుకునేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఆ మాత్ర గుండె వేగాన్ని తగ్గిస్తుంది. పైన ఎఫెడ్రిన్ లాంటిది పడితే రక్తనాళాలు బిగుసుకుంటాయి, బీపీ పెరుగుతుంది, కానీ నాడి మామూలుగానో నెమ్మదిగానో ఉంటుంది. చేతి గడియారంలో 68 చూసి అంతా బాగానే ఉందనుకుంటారు. నాడి వేరు, బీపీ వేరు.

బీపీ మందులు వాడనివాళ్లకీ ఇది వర్తిస్తుంది. డిప్రెషన్‌కి ఇచ్చే వెన్లాఫాక్సిన్ డోసు పెరిగేకొద్దీ బీపీని కొంత పెంచుతుంది. ఏకాగ్రత కుదరని ఏడీహెచ్‌డీ సమస్యకి ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్ కూడా అంతే. వాటి మీద స్కూపు పోస్తే రెండూ కలుస్తాయి. మానసిక సమస్యలకి ఇచ్చే ఫ్లూవోక్సమిన్, ఇన్ఫెక్షన్లకి ఇచ్చే సిప్రోఫ్లోక్సాసిన్ అయితే కాలేయంలో కెఫీన్ విరగకుండా అడ్డుకుంటాయి. రోజూ తాగే మోతాదే ఒంట్లో ఎక్కువై, ఎక్కువసేపు నిలిచిపోతుంది. మొండి టీబీకి ఇచ్చే లినెజోలిడ్ మీద సూడోఎఫెడ్రిన్ ఉన్న జలుబు మాత్ర వేసుకుంటే బీపీ అమాంతం ఎగబాకవచ్చు. ఈ మందులు వాడుతున్నవాళ్లు భయపడి ఆపేయకండి, మీకు అవి కావాలి. ఆపాల్సింది పొడిని.

అపోహ: మూలికలు కాబట్టి ఏమీ చేయవు.

ఈ మాట వింటే నాకు ఓపిక నశిస్తుంది. ఎఫెడ్రా కూడా మూలికే. గుండెపోట్లు, పక్షవాతాలు చూశాకే 2004లో అమెరికా దాన్ని సప్లిమెంట్లలో నిషేధించింది. మన దగ్గర 'బల' అని వాడే మొక్కలోనూ కొంత ఎఫెడ్రిన్ ఉంటుంది. బరువు తగ్గించే 'హెర్బల్' మాత్రల్లో సిబుట్రమైన్ రహస్యంగా కలిపి ఉండటం ఎఫ్‌డీఏ పరీక్షల్లో పదేపదే బయటపడింది. గుండెకి ముప్పని 2010లో మార్కెట్ నుంచి తీసేసిన మందు అది.

ఇక్కడ మా నాన్న సంగతి చెప్పాలి. రిటైరైన తెలుగు మాస్టారు, ఇప్పటికీ సాయంత్రాలు పిల్లలకి పాఠాలు చెబుతారు. గొంతు బొంగురుపోకుండా బుగ్గన అతిమధురం ముక్క పెట్టుకునే అలవాటు. బీపీకి క్లోర్‌థాలిడోన్ అనే నీరు తీసే మాత్ర వాడుతున్నారు. అతిమధురం కెఫీన్‌లా ఒంటిని ఉరకలెత్తించే ఉత్ప్రేరకం కాదు, అయినా రోజూ వాడితే ఒంట్లో ఉప్పునీ నీటినీ నిలబెట్టి బీపీ పెంచుతుంది, పొటాషియం పడగొడుతుంది. ఆ నీరు తీసే మాత్ర కూడా పొటాషియాన్ని తగ్గించేదే. ఎనిమిది నెలలు రాత్రిళ్లు పిక్కలు పట్టేస్తున్నాయంటే వయసు అనుకున్నాం. రక్తపరీక్షలో పొటాషియం పడిపోయి 2.9 వచ్చింది. ఊరందరినీ అడిగే నేను ఆయన్ని ఒక్కసారి కూడా అడగలేదు. "గొంతుకి వేసుకునేదానికి నీకు చెప్పాలా తల్లీ?" అన్నారు. ఆ మాట ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. మామూలు వే ప్రోటీన్, క్రియాటిన్ ఉత్ప్రేరకాలు కావు. వాటిని జిమ్‌కి ముందు తాగే ఇలాంటి కెఫీన్ పొడులతో (ప్రీ-వర్కౌట్) ఒకే గాటన కట్టకండి. కాకపోతే క్రియాటిన్ వాడుతుంటే రిపోర్టులో మూత్రపిండాల పనితీరు చూసే క్రియాటినిన్ కాస్త ఎక్కువ చూపించవచ్చు కాబట్టి అదీ చెప్పండి. కాఫీ తాగితే బీపీ మాత్ర చచ్చుబడిపోతుందని వాట్సాప్‌లో తిరిగేది వట్టి పుకారు. అలవాటున్నవాళ్లకి రోజుకి రెండు కప్పుల ఫిల్టర్ కాఫీతో సాధారణంగా ఇబ్బంది ఉండదు. బీపీ చూసుకునే ముందు అరగంట తాగకపోతే చాలు.

పౌడర్ ఆపాక వచ్చే తలనొప్పి గురించి మాత్రం కాస్త ఆగి చెప్పాలి. కెఫీన్ ఒక్కసారిగా మానేస్తే ఒకరోజు లోపే తలనొప్పి మొదలై వారం దాకా ఉండవచ్చు. దాన్ని బీపీ తలనొప్పి అనుకుని చాలామంది ఐబుప్రొఫెన్ వేసుకుంటారు. అది బీపీని నిజంగానే పెంచుతుంది, టెల్మిసార్టాన్‌కీ నీరు తీసే మాత్రకీ తోడైతే మూత్రపిండాలని దెబ్బతీయవచ్చు. స్కూపు సగం చేసి, మళ్లీ సగం చేసి, వారం పది రోజుల్లో మానండి. ఆపుతున్నట్టు డాక్టరుకి ముందే చెప్పండి, మాత్రలు తగ్గించాల్సి రావచ్చు. మాత్రల్ని మీ అంతట మీరు ఆపకండి. క్లోనిడిన్ ఉన్నట్టుండి ఆపితే బీపీ మునుపటికన్నా పైకి ఎగురుతుంది.

ఇది చదివి ఇప్పటికే గుండె దడదడలాడుతున్నవాళ్లు ఉంటారని తెలుసు. రాత్రి పదకొండుకి ఫోన్ చేసి, "అక్కా, మాత్రా పౌడరూ రెండూ వేసుకున్నాను, చచ్చిపోతానా?" అని ఏడ్చిన అమ్మాయితో అరగంట మాట్లాడాను. ఆమెకి ఏమీ కాలేదు, చాలామందికి ఏమీ కాదు. వీపు ఆనించి ఐదు నిమిషాలు కూర్చోండి. చెయ్యి గుండె ఎత్తులో పెట్టి, మోచేతి పైన పట్టీ చుట్టే మిషన్‌తో చూసుకోండి. 180/120 దాటి ఉంటే మరో ఐదు నిమిషాలాగి మళ్లీ చూడండి. అప్పటికీ అంతే ఉంటే అదే రోజు డాక్టరుతో మాట్లాడండి. ఛాతీలో నొప్పి, ఆయాసం, మాట తడబడటం, ఒక పక్క చెయ్యి, కాలు చచ్చుబడటం, చూపు మసకబారడం, ఎన్నడూ లేనంత తలనొప్పి, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా మిషన్ కోసం వెతక్కుండా 108కి ఫోన్ చేయండి.

ఆ మదనపల్లె అబ్బాయికి ఆరు వారాల్లో మూడు మాత్రలు ఒకటయ్యాయి. ఇప్పుడు నేను మందుల గురించి అడిగాక ఇంకో ప్రశ్న అడుగుతున్నాను: "అన్నం, టిఫిన్ కాకుండా రోజు మొత్తంలో నోట్లో ఇంకా ఏమేం పడతాయి?" నిన్న ఒక పెద్దాయన కాసేపు ఆలోచించి, జేబులోంచి మడతపెట్టిన కాగితం పొట్లం తీశారు. కొడుకు 'బలానికి' తెచ్చిచ్చిన పొడి అట, డబ్బా ఇంట్లో ఉందట. లేబుల్ ఫోటో తీసి పంపమని వాళ్లబ్బాయి నంబరు తీసుకున్నాను.