నుదుటికి తగిలే రేకు

కావలిలో ఉండే మా పెదనాన్నకు గ్లాకోమా అనే కంటిజబ్బు వల్ల పక్కచూపు దాదాపు పోయింది. ఎదురుగా ఉన్న మనిషి ముఖం కనబడుతుంది, పక్కనుంచి వచ్చే ఆటో కనబడదు. శుక్లమైతే ఆపరేషన్‌తో చూపు వచ్చేది. గ్లాకోమాలో పోయింది తిరిగి రాదు, మందులు మిగిలిన చూపును కాపాడతాయంతే. అయినా పొద్దున్నే టీ కొట్టుకు వెళ్లడం ఆయన మానలేదు. చేతిలో కర్ర ఉంది కదా అని మేమూ ధీమాగా ఉన్నాం. ఒకరోజు నుదుటి మీద గాయంతో వచ్చారు. కొట్టు ముందు దించిన రేకు అంచు తగిలిందట.

"కింద తడుముకుంటూనే నడిచా అబ్బయ్యా. పైన ఉంటుందని ఎవరనుకుంటారు?"

ఆయన చేతిలోది ఊతకర్ర. ఒంటి బరువు ఆనించడానికి పనికొస్తుంది. దారి వెతికే తెల్లకర్ర వేరు, సన్నగా, పొడుగ్గా ఉంటుంది. 1921లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో చూపు పోయిన జేమ్స్ బిగ్స్, బండ్లవాళ్లకు కనబడాలని తన కర్రకు తెల్లరంగు వేసుకున్నాడు. రెండో ప్రపంచయుద్ధంలో కళ్లు పోయిన అమెరికా సైనికుల కోసం రిచర్డ్ హూవర్ దాన్ని వాడే పద్ధతి రూపొందించాడు. కుడికాలు వేస్తున్నప్పుడు కర్ర కొన ఎడమవైపు ఉండాలి. అంటే తర్వాతి అడుగు పడే చోటును కర్ర ముందే చూసి పెడుతుంది. సైడుకాలువలు మూతల్లేకుండా ఉండే మన వీధుల్లో దీన్ని మించింది లేదు. కానీ రేకు సంగతి దానికీ తెలియదు.

ఆ లోటు తీర్చడానికే ఐఐటీ ఢిల్లీలో స్మార్ట్‌కేన్ తయారైంది. 2014లో బయటికొచ్చింది. తెల్లకర్రకే పిడిలా తగిలించుకోవాలి. గబ్బిలంలా మనకు వినబడని శబ్దం వదిలి, మోకాలి నుంచి తల దాకా అడ్డున్నవాటిని పసిగడుతుంది. మన ఎండలో శబ్దం సెకనుకు సుమారు 350 మీటర్లు పోతుంది. 3 మీటర్ల దూరంలోని రేకును తాకి తిరిగి రావడానికి సెకనులో 60వ వంతు చాలు. వెంటనే పిడి అదురుతుంది. దూరాన్ని బట్టి అదురు తీరు మారుతుంది.

పెద్దవాళ్లకు చిక్కు అక్కడే. వయసుతో, ముఖ్యంగా షుగర్ ఉంటే, వేళ్లకు అదురు సరిగా తెలియకపోవచ్చు. పెదనాన్నకు పదేళ్లుగా షుగర్. ఫోన్ వైబ్రేషన్‌లో పెట్టి ఆయన అరచేతిలో ఉంచాను. ఎడమచేతిలో తెలిసినంతగా కుడిచేతిలో తెలియలేదు. కర్ర పట్టేది కుడిచేత్తోనే. పైగా మోకాళ్లకు ఊతమూ కావాలి, సన్నటి తెల్లకర్ర మీద ఆనుకోకూడదు.

ఇప్పుడు చెయ్యి మార్చి నడవడం అలవాటు చేసుకుంటున్నారు. ఈలోగా టీ కొట్టాయన రేకు అంచుకు పాత సైకిల్ ట్యూబు చీల్చి తొడిగాడు.