నొక్కినా ఉలకని బటన్: ముప్పై ఏళ్ల వెనకటి కథ

విశాఖ నుంచి పాడేరు ఘాట్ ఎక్కే బస్సులో సిగ్నల్ వచ్చిపోతూ ఉంటుంది. అప్పుడు ఫీజు ఫారం తెరిస్తే గడులన్నీ కనిపిస్తాయి, 'సమర్పించు' నొక్కితే మాత్రం ఉలుకూ పలుకూ ఉండదు. పేజీ అందింది, దాన్ని నడిపించాల్సిన స్క్రిప్ట్ (పేజీతో పాటు దిగి బ్రౌజర్‌లో నడిచే ప్రోగ్రాం) దారిలో ఆగిపోయింది.

మొదట్లో ఈ బెడద లేదు. 1991లో సెర్న్ అనే ఐరోపా పరిశోధన సంస్థలో, వెబ్‌ను రూపొందించిన టిమ్ బెర్నర్స్-లీ పెట్టిన పేజీలు ఉత్త హెచ్‌టీఎంఎల్, అంటే పేజీలో ఏది ఏమిటో ట్యాగ్‌లనే గుర్తులతో చెప్పే భాష. 1995లో బ్రౌజర్ల కంపెనీ నెట్‌స్కేప్‌లో బ్రెండన్ ఐక్, పేజీల స్క్రిప్ట్‌లు రాసే భాష జావాస్క్రిప్ట్ తొలి రూపాన్ని పది రోజుల్లో రాశారు. అప్పుడు దానిది చిన్న పని, గడి ఖాళీగా వదిలేస్తే హెచ్చరించడం లాంటిది. 2004లో జీమెయిల్, మరుసటి ఏడు గూగుల్ మ్యాప్స్ వచ్చాక ఆశలు పెరిగాయి. 2013లో పేజీలను జావాస్క్రిప్ట్‌తో కట్టే రియాక్ట్ అనే పరికరం వచ్చిన తర్వాత, ఖాళీ డివ్ (తనకంటూ ఏ అర్థమూ లేని హెచ్‌టీఎంఎల్ పెట్టె) ఒకటి పంపి మిగతాదంతా ఫోన్‌లోనే కట్టుకోమనడం మామూలైపోయింది. మ్యాపులకు అది తగిన పద్ధతే. నాలుగు గడుల ఫారానికి అక్కర్లేదు.

నిబంధనలూ మారాయి. వైకల్యం ఉన్నవాళ్లూ వాడగలిగేలా పేజీలు ఎలా ఉండాలో చెప్పే మార్గదర్శకాలు డబ్ల్యూసీఏజీ. 1999 నాటి 1.0, స్క్రిప్ట్ ఆపేసినా పేజీ పనిచేయాలంది. 2008లో వచ్చిన 2.0లో ఆ షరతు లేదు, తెర మీది పాఠాన్ని చూపులేని వారికి చదివి వినిపించే స్క్రీన్ రీడర్లు అప్పటికి స్క్రిప్ట్ ఉన్న పేజీలనూ చదవగలుగుతున్నాయి. ఆ వెసులుబాటును చాలామంది, స్క్రిప్ట్ లేకపోతే పేజీ పనిచేయకపోయినా పర్లేదనే పూర్తి అనుమతిగా తీసుకున్నారు. నష్టమంతా అక్కడే జరిగిందని మా అభిప్రాయం.

డివ్‌కి రంగు పూసి బటన్‌లా చూపిస్తే ట్యాబ్ కీ దాని మీద ఆగదు, ఎంటర్ పనిచేయదు, అది బటన్ అని స్క్రీన్ రీడర్ చెప్పదు. ఈ మూడింటికీ మూడు అతుకులు వేయాలి. అసలైన బటన్ ట్యాగ్‌లో ఇవన్నీ ముందే ఉన్నాయి. దాన్ని ఫారం లోపల పెట్టి, వివరాలు ఎక్కడికి వెళ్లాలో చెప్పే యాక్షన్ గుణంలో సర్వర్ (వాటిని అందుకునే అవతలి కంప్యూటర్) చిరునామా ఇస్తే స్క్రిప్ట్ రాకపోయినా వివరాలు వెళ్తాయి. ప్రతి గడికీ దాని పేరు చెప్పే లేబుల్ ట్యాగ్ కట్టాలి. నింపిన వివరాల తనిఖీ సర్వర్‌లో తప్పనిసరి. తప్పుంటే నింపినవి చెరిగిపోకుండా, ఆ గడి పక్కనే మాటల్లో చెప్పాలి, ఎరుపు రంగొక్కటే చాలదు. సిగ్నల్ లేక రెండుసార్లు నొక్కేవాళ్లుంటారు కాబట్టి ప్రతి ఫారానికీ ఒకేసారి చెల్లే టోకెన్ (గుర్తింపు సంఖ్య లాంటిది) ఇవ్వాలి, లేకపోతే ఫీజు రెండుసార్లు పోతుంది. స్క్రిప్ట్ వీటన్నిటి తర్వాత.

తెలుగుకు ఇంకో చిక్కు. అన్ని భాషల అక్షరాలకూ ఉమ్మడి సంకేతాలిచ్చిన యూనికోడ్‌కు ముందు ఫాంటుకో లిపి అమరిక ఉండేది, ఆ పేజీలు స్క్రీన్ రీడర్‌కి అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలే. ఇప్పుడు ప్రకటనను ఫొటో తీసి పెడితే మళ్లీ అదే గతి. పాఠంగానే పెట్టి, పేజీ భాష తెలుగని హెచ్‌టీఎంఎల్‌లోని లాంగ్ (lang) గుణంలో రాయాలి. వరుసల మధ్య ఎడం ఇంగ్లిష్‌కి పెట్టినంతే పెడితే వత్తులు కింది వరుసకు తగలొచ్చు, తెగిపోవచ్చు. అక్షరం సైజుకు 1.6 రెట్లు ఇచ్చి చూడండి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు కరెంటూ సెల్ టవర్లూ రోజుల తరబడి దెబ్బతిన్నాయి. అలాంటప్పుడు కాస్త సిగ్నల్ తిరిగొస్తే పది కేబీల పేజీ దిగుతుంది, రెండు ఎంబీల స్క్రిప్ట్ దిగదు.

మీ ఫారం సంగతి తేల్చుకోవడానికి బ్రౌజర్ సెట్టింగుల్లో జావాస్క్రిప్ట్ ఆపి, మౌస్ పక్కన పెట్టి, ట్యాబ్, ఎంటర్‌లతోనే చివరిదాకా నింపి పంపండి. ఎక్కడ ఆగితే అక్కడ కోడ్ తెరవండి. చాలాసార్లు అక్కడ ఉండేది డివ్.