జీతం తీసుకోకపోతే అది పని కాదా? విదేశాల్లో స్థానికుల ఇళ్లలో బస: అపోహలు, వాస్తవాలు

"మేడమ్, నేనేమీ డబ్బు తీసుకోవడం లేదు. పూటకి కొంచెం పని చేస్తాను, వాళ్లు గది ఇస్తారు. టూరిస్ట్ వీసా సరిపోతుంది కదా?"

తక్కువ ఖర్చుతో విదేశాలు తిరగాలనుకునేవాళ్లకు ప్రయాణాలు ప్లాన్ చేసిపెట్టడం నా పని. ఈ ప్రశ్న వినని వారం ఉండదు. అడిగేవాళ్ల మీద నాకు కోపం లేదు. అడగకుండా, ఎవరో వీడియోలో "ఏం కాదు" అన్నారని టికెట్ కొనేసేవాళ్ల గురించే నా టెన్షన్ అంతా.

సరిపోదు. చాలా దేశాల్లో సరిపోదు.

జనం రెండు వేరువేరు విషయాలను కలిపేస్తున్నారు. ప్రయాణికులను స్థానికులతో కలిపే కౌచ్‌సర్ఫింగ్, బీవెల్‌కమ్, సర్వస్ లాంటి వేదికల్లో హోస్ట్, అంటే ఆ ఇంటివాళ్లు, మిమ్మల్ని అతిథిగా ఉండనిస్తారు. మీరు తిన్న ప్లేటు మీరు కడిగితే అది మర్యాద, అంతే. వర్క్‌అవే, వూఫ్‌లలో ఒప్పందమే వేరు: రోజుకు ఇన్ని గంటల పని, అందుకు బస, భోజనం. 1971లో ఇంగ్లండ్‌లో వూఫ్ మొదలైనప్పుడు అది నగరవాసులు శని, ఆదివారాల్లో సేంద్రియ పొలాలకు వెళ్లి పనిచేసే చిన్న ఏర్పాటు. సొంత దేశంలోనే కాబట్టి వీసా మాటే రాలేదు. ఇప్పుడు అదే పనికి సరిహద్దులు దాటి వెళ్తున్నారు. అక్కడ అధికారి మీకు జీతం వస్తుందా అని మాత్రమే అడిగి ఊరుకోరు. మీ పనికి బదులుగా విలువున్నది ఏదైనా మీకు దక్కుతోందా, మీరు లేకపోతే ఆ పనికి అక్కడివాళ్లనే జీతానికి పెట్టుకునేవారా అని చూస్తారు. ఉచితంగా ఇచ్చే గది కూడా ప్రతిఫలమే.

2025లో ఒక బ్రిటన్ యువతికి జరిగింది చూడండి. అమెరికాలో ఒక కుటుంబంతో ఉంటూ, బసకు బదులుగా ఇంటి పనుల్లో సాయం చేసింది. అక్కడి నుంచి కెనడాకు వెళ్లబోతే, అక్కడా అలాంటి ఏర్పాటే ఉండటంతో వర్క్ వీసా కావాలని సరిహద్దులో వెనక్కి పంపారు. తిరిగొచ్చాక అమెరికా అధికారులు నిర్బంధ కేంద్రంలో పెట్టారు. ఇల్లు చేరేసరికి దాదాపు 3 వారాలు గడిచిపోయాయి.

నా దగ్గరికి వచ్చిన ఒక అమ్మాయి సంగతి ఇంకా కళ్ల ముందే ఉంది. విమానాశ్రయంలోనే తిప్పి పంపేశాక వచ్చింది. హోస్ట్ మెసేజ్ చూపించింది: "పిల్లల్ని 7 గంటలకు లేపి, తయారుచేసి, బడి దగ్గర దింపాలి. నీ గది పై అంతస్తులో, కిటికీ తోటవైపు ఉంటుంది." ఆ కిటికీ కోసమే ఆ మెసేజ్‌ను ఎన్నోసార్లు చదువుకున్నానని చెప్పింది. ఫోన్ తీసుకుని చూసిన అధికారి మాత్రం మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయారట. టికెట్ డబ్బు పోయింది, అది మళ్లీ సంపాదించుకోవచ్చు. కానీ "ఎప్పుడైనా ఏ దేశమైనా మీకు ప్రవేశం నిరాకరించిందా?" అనే ప్రశ్న చాలా వీసా ఫారాల్లో ఉంటుంది. ఇక అక్కడ ఆమె ప్రతిసారీ 'అవును' అని టిక్ పెట్టి వివరణ రాసుకోవాల్సిందే.

అందుకే టికెట్‌కు ముందు ఆ దేశపు ఇమ్మిగ్రేషన్ సైట్‌లో సందర్శకుల పేజీ తెరిచి, జీతం లేని పని, వాలంటీరింగ్ గురించి ఏముందో చదవండి. బ్రిటన్‌నే తీసుకుంటే, సందర్శకులు రిజిస్టరైన ఛారిటీకి మొత్తం 30 రోజుల వరకు వాలంటీర్‌గా పనిచేయవచ్చు. ఎవరి ఇంట్లోనో పిల్లల్ని చూసుకుంటూ అక్కడే ఉండటం ఇందులోకి రాదు. కొన్ని దేశాలు వయసు, పౌరసత్వాన్ని బట్టి వర్కింగ్ హాలిడే వీసా, అంటే తిరుగుతూనే పని కూడా చేసుకోనిచ్చే వీసా ఇస్తాయి. మీకు అర్హత ఉంటే అదే దారి. "మా దగ్గరికి అందరూ టూరిస్ట్ వీసా మీదే వస్తారు" అని హోస్ట్ అంటే దాన్ని హామీగా తీసుకోకండి. అధికారి ముందు నిలబడేది మీరు.

"అయితే హోటల్ అని చెప్పేస్తే పోలా?" అనే సలహా ఇంకా ప్రమాదం. ఎవరి ఇంట్లోనో అతిథిగా ఉండటం తప్పు కాదు, దాచిపెట్టడం తప్పు. బ్రిటన్ వీసా దరఖాస్తులో మోసం చేశారని తేలితే 10 ఏళ్లు తలుపు మూసుకుపోవచ్చు. హోస్ట్ పేరు, చిరునామా, ఫోన్ నంబరు కాగితం మీద రాసుకెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

వీసా దరఖాస్తుకు హోస్ట్ చాట్ స్క్రీన్‌షాట్ చాలని కూడా అనుకుంటారు. ఫ్రాన్స్‌లో ఒకరింట్లో దిగుతున్నామని చూపాలంటే, ఆ ఇంటివాళ్లు తమ మేయర్ కార్యాలయం నుంచి ఆతిథ్య పత్రం తీసుకుని పంపాలి. ఇటలీలో యూరోపియన్ యూనియన్ బయటి నుంచి వచ్చిన అతిథి గురించి ఇంటివాళ్లు 48 గంటల్లో అధికారులకు తెలియజేయాలి. అంత శ్రమ మీ హోస్ట్ పడతారా అని ముందే అడగండి. ఇక అంతా ఉచితమన్నది పాత మాట. కౌచ్‌సర్ఫింగ్ 2020లోనే చాలా దేశాల్లో సభ్యత్వ రుసుము పెట్టింది. బీవెల్‌కమ్ ఇప్పటికీ ఉచితమే.

ఇక భయం. "తెలియనివాళ్ల ఇంట్లో నిద్ర పడుతుందా?" అని గొంతు తగ్గించి అడుగుతారు. మొదటిసారి నాకు పట్టలేదు. హోస్ట్ పెద్దావిడ, ఎంతో మంచి మనిషి. అయినా రాత్రంతా బ్యాగు పక్కలోనే పెట్టుకుని పడుకున్నాను. పొద్దున ఆవిడ ఇంటి తాళంచెవి నా చేతిలో పెట్టి, బస్సు వేళలు రాసిన కాగితం ఇచ్చి తన పని మీద వెళ్లిపోయారు. భయపడ్డందుకు సిగ్గుపడనక్కర్లేదు, అది మిమ్మల్ని జాగ్రత్తగా ఉంచుతుంది. 1949 నుంచి నడుస్తున్న సర్వస్‌లో ప్రయాణికులకు ముందు ఇంటర్వ్యూ ఉంటుంది. మొదటిసారి వెళ్లేవాళ్లకు నేను దాన్నే సూచిస్తాను. మిగతాచోట్ల రివ్యూలు చదివేటప్పుడు మీలాంటివాళ్లు, అంటే ఒంటరిగా వెళ్లిన ఆడవాళ్లో, కుటుంబాలో ఏం రాశారో చూడండి. రెండు రాత్రుల హాస్టల్ డబ్బు విడిగా పెట్టుకోండి, నచ్చకపోతే వెంటనే బయటికి వచ్చేయడానికి. గదికి లోపలి గడియ ఉందా అని అడగడానికి మొహమాటపడకండి. నేను ఇప్పటికీ మొదటి మెసేజ్‌లోనే అడుగుతాను.