ఆదివారాలు లెక్కలోకి రావు: చర్చి క్యాలెండర్ మీద అపోహలు, వాస్తవాలు

మా సంఘంలో ఒక మామ్మగారున్నారు. కొడుకు ఎప్పుడు పోయాడని అడిగితే తేదీ చెప్పరు. "మట్టలాదివారం ఇంకా రెండు రోజులుందనగా పోయాడయ్యగారూ" అంటారు. ఈస్టర్ ముందు వచ్చే ఆదివారమే మట్టలాదివారం. పాస్టరుగా 20 ఏళ్ల నుంచి ఇలాంటి లెక్కలు వింటున్నాను. ఆరాధన క్రమంలో పెరిగినవాళ్లకు ఏడాది నడిచే తీరే వేరు. దాని మీద మనవాళ్లలోనూ కొన్ని అపోహలున్నాయి.

అపోహ: ఈస్టర్ ముందు ఉపవాసాలుండే శ్రమల కాలం నలభై రోజులన్నది తప్పు లెక్క.

వాస్తవం: ఆ కాలం మొదలయ్యే భస్మ బుధవారం నుంచి ఈస్టర్ ముందు శనివారం దాకా వేళ్ల మీద లెక్కపెడితే 46 వస్తాయి, నిజమే. అందులో ఆరు ఆదివారాలు. ప్రతి ఆదివారం ప్రభువు సమాధి నుంచి లేచిన రోజు కాబట్టి వాటిని ఉపవాస దినాల్లో కలపరు. అంత శోకంలోనూ వారానికోసారి చిన్న ఈస్టర్ వస్తుందన్నమాట. ఆ భస్మం సంగతీ చూడండి. మట్టలాదివారం ఊపిన తాటి మట్టని కొందరు ఇంటికి తెచ్చి దూలానికి దోపుతారు. ఏడాదంతా అది అక్కడే ఎండుతుంది. కథోలిక గుళ్లలో అలాంటి మట్టల్ని పోగుచేసి కాల్చి, ఆ బూడిదతోనే భస్మ బుధవారం నుదుట సిలువ గుర్తు వేస్తారు. నిరుడు హోసన్నా అంటూ ఊపిన మట్టే అది.

అపోహ: ఈస్టర్ తేదీ ఎవరిష్టమొచ్చినట్టు వాళ్లు మారుస్తారు.

వాస్తవం: మార్చి 21న గానీ, ఆ తర్వాత గానీ వచ్చే మొదటి పౌర్ణమి దాటిన ఆదివారమే మన ఈస్టర్. అందుకే 2024లో మార్చి 31న, 2025లో ఏప్రిల్ 20న వచ్చింది. తిథులు చూసుకునే ఊళ్లలో ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. చర్చి పౌర్ణమిని తన పట్టికల ప్రకారం తీస్తుంది కాబట్టి పంచాంగంతో కాస్త తేడా రావచ్చు, అంతే.

అపోహ: మన ఏడాదీ జనవరి 1నే మొదలవుతుంది.

వాస్తవం: చర్చి ఏడాదికి మొదటి రోజు, క్రిస్మస్ ముందు వచ్చే నాలుగు ఆదివారాల్లో మొదటిది. ఆ ఆదివారంతో మొదలయ్యేదే ఆగమన కాలం, అంటే క్రిస్మస్ కోసం ఎదురుచూసే కాలం. డిసెంబరు మొదటి వారంలోనే సెమీ క్రిస్మస్ కేకు కోసేసి ఆ ఎదురుచూపుని మనమే పోగొట్టుకుంటున్నామని నాకు బాధ.

అపోహ: ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల తోటకు వెళ్లడం తద్దినం లాంటిది.

వాస్తవం: కాదు. జర్మనీలోని హెర్న్‌హట్‌లో మొరేవియన్ అనే క్రైస్తవ శాఖ యువకులు 1732 ఈస్టర్ నాడు పొద్దు పొడవకముందే సమాధుల మధ్య చేరి పాటలు పాడారు. ప్రభువు లేచాడు గనక ఆ సమాధుల్లో ఉన్నవాళ్లూ లేస్తారన్న ధైర్యంతోనే మేమూ వెళ్తాం. రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ప్రభువు బల్లలో పాలు పొందేటప్పుడు "ప్రభువు వచ్చువరకు" అని చదివే మాటలోనూ ఉన్నది ఆ ధైర్యమే. జరిగినదాన్ని తలుచుకుంటూనే రాబోయేదాని కోసం కాచుకుంటాం.

మొన్న ఈస్టరుకి మామ్మగారు ముందురోజే సమాధికి సున్నం వేయించారు. చీకట్లో కొవ్వొత్తి వెలిగించి, గాలికి ఆరిపోకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. ప్రార్థన అయ్యాక నన్ను ఒక్కటే అడిగారు: "వచ్చే ఏడు ఈస్టర్ ఎప్పుడు పడిందయ్యగారూ?"