స్టాపర్ బతుకు, పిల్లల ఫుట్‌బాల్: అపోహలు - వాస్తవాలు

వారాంతంలో బెంగళూరులో సర్జాపూర్ రోడ్డు, వైట్‌ఫీల్డ్, మారతహళ్లి వైపు ఏ టర్ఫ్ గ్రౌండ్‌కి వెళ్లినా టచ్‌లైన్ (గ్రౌండ్ పక్కగీత) దగ్గర తెలుగు వినిపిస్తుంది. విజయవాడ, అనంతపురం, హైదరాబాద్ నుంచి ఉద్యోగాలకు వచ్చిన అమ్మానాన్నలే ఎక్కువ. వాళ్లలో చాలామంది క్రికెట్ చూస్తూ పెరిగారు, పిల్లలు మాత్రం ఫుట్‌బాల్ అంటున్నారు. నేను చాలా ఏళ్లు ఈ ఊళ్లోనూ బయటా క్లబ్బులు మారుతూ స్టాపర్‌గా, అంటే గోల్ ముందు మధ్యలో నిలబడి దాడిని ఆపే డిఫెండర్‌గా ఆడాను. ఇప్పుడు పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు కోచింగ్ ఇస్తున్నాను. ప్రాక్టీస్ అయ్యాక "సార్, ఒక్క నిమిషం" అంటూ పేరెంట్స్ అడిగేవాటిలో కొన్ని నమ్మకాలు పదే పదే వస్తుంటాయి. డిఫెండర్ పనిలో ఎక్కువ భాగం బంతి తన దగ్గరికి రాకముందే అయిపోతుంది. బయట నిలబడి చూసేవాళ్లకు అది కనపడదు. ఈ అపోహల్లో చాలావరకు అక్కడే పుడతాయి.

అపోహ: ఫార్వర్డ్‌గా పనికిరానివాణ్ణే డిఫెన్స్‌లో పెడతారు

"మావాడు గోల్స్ బాగా కొడతాడు కదా సార్, వెనక ఎందుకు పెట్టారు?" అని ప్రతి సీజన్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు. అడిగేటప్పుడు పిల్లాడు పక్కనే తల దించుకుని నిలబడి ఉంటాడు. అది నాకు బాధగా ఉంటుంది.

వాస్తవం ఏమిటంటే, రూల్స్ మారాక డిఫెండర్ పని బాగా కష్టమైంది. 1992 దాకా ఒత్తిడి వస్తే బంతిని గోల్‌కీపర్‌కి తోసేస్తే చాలు, అతను చేత్తో పట్టుకునేవాడు. సొంత జట్టువాడు కాలితో కావాలని ఇచ్చిన బంతిని కీపర్ చేత్తో పట్టకూడదనే బ్యాక్‌పాస్ రూల్ ఆ ఏడాది వచ్చి ఆ దారి మూసుకుపోయింది. 2019లో ఇంకోటి మారింది. గోల్ కిక్ పెనాల్టీ ఏరియా దాటి బయటికి వెళ్లాల్సిన అవసరం లేదు, లోపలే అందుకోవచ్చు. దాంతో స్టాపర్ సొంత గోల్‌కి పది గజాల దూరంలో, ఇద్దరు స్ట్రైకర్లు మీదికి పరుగెత్తుకొస్తుంటే బంతి అందుకుని సరైన పాస్ ఇవ్వాలి. కంగారు పడే కాళ్లకు ఆ చోట పని లేదు.

పన్నెండేళ్ల లోపు పిల్లలకు నేను పొజిషన్ ఫిక్స్ చేయను. అందరూ అన్నిచోట్లా ఆడతారు, గోల్‌లో కూడా నిలబడతారు. ఈ విషయంలో ఏ పేరెంట్ ఎంత అడిగినా మినహాయింపు ఇవ్వను.

అపోహ: దూకి బంతి లాక్కునేవాడే మంచి డిఫెండర్

స్లయిడ్ ట్యాకిల్‌కి చప్పట్లు పడతాయి. రీల్స్‌లో అవే తిరుగుతాయి. పిల్లలు టర్ఫ్ మీద అదే చేసి మోకాళ్లు, తొడలు చర్మం లేచిపోయేలా గీరుకుని వస్తారు. కానీ కింద పడ్డ డిఫెండర్ లేచేదాకా ఆటలో లేనట్టే.

అసలు పని ఎలా ఉంటుందో చెప్తాను. వింగర్‌కి, అంటే పక్కగీత వెంట దాడి చేసే ఆటగాడికి బంతి వెళ్తోందనుకోండి. బంతి అతనికి చేరేలోపే పెద్ద అడుగులతో వేగంగా దగ్గరికి వెళ్లాలి. ఇంకో రెండు గజాలు ఉండగానే అడుగులు చిన్నవి చేసుకోవాలి, లేదంటే ఆ వేగంలోనే మనల్ని దాటేస్తాడు. ఛాతీ ఎదురుగా పెట్టి నిలబడితే బంతి కాళ్ల మధ్యనుంచి పోతుంది. అందుకే మోకాళ్లు కొంచెం వంచి, ఒక పాదం ముందు, ఒక పాదం వెనక ఉంచి, పక్కవాటుగా నిలబడాలి. అతను కుడికాలి వాటం వాడైతే ఎడమకాలికి బంతి వెళ్లేలా దారి ఇవ్వాలి. టచ్‌లైన్ దగ్గరుంటే అటువైపే తోసుకుపోవాలి, ఆ గీత మనకు ఇంకో డిఫెండర్. చూపు బంతి మీదే ఉండాలి. అతని భుజాలు, నడుము, కాళ్లు అన్నీ మోసం చేస్తాయి, బంతి చేయదు. అతను బంతిని ఒక్క జానెడు ఎక్కువ తోసిన క్షణంలో కాలు పెట్టాలి. ఆ క్షణం రాకపోయినా ఫర్వాలేదు. ఆ రెండు మూడు సెకన్లు అతన్ని ఆపితే మనవాళ్లు ఇద్దరు వెనక్కి వచ్చేస్తారు.

దానికంటే ముందు జరగాల్సింది ఇంకోటుంది. బంతి అవతలి వింగ్‌లో ఉన్నప్పుడు స్టాపర్ మెడ తిప్పి తన వెనక ఎవరున్నారో చూసుకోవాలి. పిల్లలకు దీన్ని అలవాటు చేయడానికి, ఆట నడుస్తుండగా నేను వాళ్ల వెనక నిలబడి వేళ్లు చూపిస్తాను. తల తిప్పి ఎన్ని వేళ్లో గట్టిగా చెప్పి, మళ్లీ బంతి వైపు చూడాలి. మొదట్లో అందరూ మర్చిపోతారు. కొన్ని వారాలకు నేను అక్కడ లేకపోయినా తలలు వాటంతటవే తిరుగుతుంటాయి. గ్రౌండ్‌లో నాకు అంతకంటే సంతోషం కలిగించేది లేదు.

అపోహ: ఎత్తు లేనివాడు స్టాపర్ కాలేడు

పెద్ద స్థాయిలో ఎత్తు లాభమే, కాదనను. కానీ 2006లో ఇటలీకి కెప్టెన్‌గా ప్రపంచకప్ ఎత్తి, అదే ఏడాది ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డి ఓర్ అవార్డు కూడా గెలిచిన ఫాబియో కన్నవారో ఎత్తు సుమారు 176 సెంటీమీటర్లు. 2022లో ప్రపంచకప్ గెలిచిన అర్జెంటీనా జట్టులోని లిసాండ్రో మార్టినెజ్ అంతకన్నా కాస్త పొట్టి. ఇద్దరూ సెంటర్ బ్యాక్‌లే, అంటే స్టాపర్లే.

అసలు చిక్కు ఏమిటంటే, పన్నెండేళ్ల పిల్లాడి ఎత్తు చూసి ఏమీ చెప్పలేం. ఒకే ఏడాదిలో పుట్టిన పిల్లల్లో జనవరివాడికీ డిసెంబరువాడికీ దాదాపు సంవత్సరం తేడా ఉంటుంది. ప్రపంచమంతటా యూత్ జట్లలో ఏడాది మొదటి నెలల్లో పుట్టినవాళ్లే ఎక్కువ కనిపిస్తారు. ముందుగా ఎదిగినవాణ్ణి చూసి టాలెంట్ అనుకుంటాం, ఆలస్యంగా ఎదిగేవాణ్ణి ఇంటికి పంపేస్తాం. ఇది అన్యాయం, పైగా ఆటకూ నష్టం.

సర్టిఫికెట్‌లో వయసు తగ్గిద్దామని అడిగేవాళ్లకు ఒక్క మాట. జాతీయ ఫెడరేషన్ మణికట్టు ఎక్స్‌రే తీయించి, టీడబ్ల్యూ3 పద్ధతిలో ఎముకల వయసు చూస్తుంది. దొరికితే పోయేది పిల్లాడి పేరే.

అపోహ: హెడింగ్ చిన్నప్పటినుంచే గట్టిగా నేర్పాలి

నా కెరీర్‌లో సగం పని తలతో బంతి కొట్టడమే. కార్నర్ వస్తే ముందు నేనే ఎగరాలి. అందుకే ఇది నాకు దగ్గరి విషయం.

గ్లాస్గో పరిశోధకులు స్కాట్లాండ్ మాజీ ప్రొఫెషనల్ ఆటగాళ్ల రికార్డులు పరిశీలించి 2019లో ఫలితాలు ప్రకటించారు. డిమెన్షియా లాంటి మెదడు క్షీణత జబ్బులతో చనిపోయే ముప్పు మామూలు జనంతో పోలిస్తే వాళ్లలో దాదాపు మూడున్నర రెట్లు ఉంది. 2021లో పొజిషన్ల వారీగా చూస్తే, అన్నిటికంటే ఎక్కువ ముప్పు డిఫెండర్లకే కనిపించింది, సుమారు ఐదు రెట్లు. బంతిని తలతో దాదాపు కొట్టని గోల్‌కీపర్లలో మాత్రం మామూలు జనానికీ వాళ్లకూ పెద్ద తేడా లేదు. వాళ్లంతా పాతతరం వాళ్లు, అప్పటి తోలుబంతి తడిస్తే బరువెక్కేది అని కొందరంటారు. నిజమే, కానీ ఇప్పటి బంతి వేగంగా వస్తుంది. అది క్షేమమని ఎవరూ నిరూపించలేదు.

అమెరికా ఫెడరేషన్ 2015లోనే పదేళ్లు, ఆలోపు పిల్లలకు హెడింగ్ ఆపేసింది. ఇంగ్లండ్ 2020లో పదకొండేళ్లలోపు పిల్లలకు ప్రాక్టీస్‌లో హెడింగ్ వద్దంది. నా గ్రూపులో పన్నెండేళ్ల దాకా ప్రాక్టీస్‌లో హెడింగ్ లేదు. తర్వాత తేలికపాటి బంతితో, తక్కువసార్లు, ఎగిరే టైమింగ్, కిందికి దిగే పద్ధతి ముందు నేర్పి మొదలుపెడతాను. తలకు దెబ్బ తగిలి పిల్లాడు కళ్లు తిరుగుతున్నాయన్నా, స్కోరు మర్చిపోయినా ఆ రోజుకి ఆట అయిపోయినట్టే. ఫైనల్ అయినా సరే, నాన్నగారు ఎంత బతిమాలినా సరే, లోపలికి పంపను.

అపోహ: ఎక్కువ క్లబ్బులు మారాడంటే ఎక్కడా నిలవలేకపోయాడని అర్థం

ఈ మాట నన్ను నేరుగానే అడుగుతారు, తప్పుపట్టను. ఉద్యోగంలో మార్పులు ఎక్కువైతే రెజ్యూమె బాగోదని అలవాటైన లెక్క అది. ఫుట్‌బాల్‌లో ఆ లెక్క నడవదు.

ఈ ఊళ్లో ఒకప్పుడు ఐటీఐ, హెచ్‌ఏఎల్, బీఈఎంఎల్ లాంటి ప్రభుత్వ సంస్థల జట్లుండేవి. ఆటగాడికి ఉద్యోగం, క్వార్టర్స్, నెలాఖరున జీతం. ఆట ఆగిపోయినా ఉద్యోగం ఉండేది. ఇప్పుడు కాంట్రాక్టుల కాలం. 2013లో బెంగళూరు ఎఫ్‌సీ పెట్టారు, మొదటి సీజన్‌లోనే అప్పటి జాతీయ లీగ్ అయిన ఐ-లీగ్ గెలిచింది. 2014లో ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) వచ్చింది. జీతాలు పెరిగాయి, వెలుగు పెరిగింది, భద్రత తగ్గింది. పైవరసలో కొద్దిమందికి తప్ప, కింది డివిజన్లలో ఒప్పందం ఒక్క సీజన్‌కే. కొత్త కోచ్ వస్తే తన మనుషుల్ని తెచ్చుకుంటాడు. స్పాన్సర్ తప్పుకుంటే క్లబ్బే ఉండదు. పెద్ద క్లబ్బులు విదేశీ ఆటగాళ్ల కోటాలో ఒకరిద్దరు స్టాపర్లనే తెచ్చుకోవడం మామూలు. అప్పుడు మనవాడు బెంచీ మీద కూర్చోవాలి, లేదా లోన్ మీద, అంటే కొంతకాలానికి వేరే క్లబ్బుకి ఆడటానికి, ఇంకో ఊరు వెళ్లాలి. మనదేశంలో అందరికీ తెలిసిన స్టాపర్ సందేశ్ జింగన్‌నే చూడండి. సిక్కిం క్లబ్బుతో మొదలుపెట్టి కేరళ, కోల్‌కతా, బెంగళూరు, గోవా జట్లకు ఆడాడు, మధ్యలో క్రొయేషియా వెళ్లాడు. 2020లో అర్జున అవార్డు అందుకున్నాడు.

క్లబ్ మారిన ప్రతిసారీ స్టాపర్‌కి ఒక ప్రత్యేకమైన పరీక్ష ఉంటుంది. ఫార్వర్డ్ నోరు మెదపకుండా గోల్ కొట్టి పేరు తెచ్చుకోవచ్చు. స్టాపర్ మొదటి రోజునుంచే అరవాలి, నలుగురిని ఒకే గీతలో కదిలించాలి. పక్కవాడు మలయాళీ, అవతలివాడు మణిపురి, కీపర్ బెంగాలీ. "మ్యాన్ ఆన్" (మీదికి మనిషి వస్తున్నాడు), "స్టెప్ అప్" (ముందుకు జరగండి) అనే రెండు మూడు మాటలతో, చేతి సైగలతో వారం రోజుల్లో నమ్మకం సంపాదించుకోవాలి. ఈ రోజు కన్నడ, తెలుగు, హిందీ కలిసిన పిల్లల గ్రూపుని నడపగలుగుతున్నానంటే అక్కడ నేర్చుకున్నదే.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. నేను ఆడిన ఒక క్లబ్బులో జీతాలు నెలల తరబడి రాలేదు, రూము అద్దె కట్టలేక సగం జట్టు స్నేహితుల ఇళ్లలో ఉంది. 2025లో ఐఎస్‌ఎల్ సీజన్ టైముకి మొదలుకాక కొన్ని క్లబ్బులు జీతాలు ఆపేసినప్పుడు పెద్ద ఆటగాళ్లకూ ఆ టెన్షన్ ఏమిటో తెలిసింది. ఆటగాళ్లకు కొన్ని హక్కులున్నాయి. ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా నిబంధనల ప్రకారం రెండు నెలల జీతం బాకీ పడితే, క్లబ్బుకి కనీసం 15 రోజుల గడువు ఇస్తూ రాతపూర్వకంగా నోటీసు పంపి, అప్పటికీ కట్టకపోతే కాంట్రాక్టు వదులుకోవచ్చు. 2006 నుంచి మనదేశంలో ఆటగాళ్ల సంఘం కూడా ఉంది. కాంట్రాక్టు కాపీ చేతిలో లేకుండా ఒక్క మ్యాచ్ కూడా ఆడొద్దని నా దగ్గర పెద్దయిన పిల్లలకు చెప్తాను. డిగ్రీ మానొద్దని కూడా చెప్తాను. రైల్వే, పోలీసు, బ్యాంకు స్పోర్ట్స్ కోటాలకు ఇప్పటికీ అది పనికొస్తుంది.

అపోహ: బాగా ఆడినవాడు బాగా నేర్పుతాడు

ఆడటం వేరు, నేర్పడం వేరు. ఇటలీ క్లబ్బు మిలాన్‌ని 1989, 1990లో వరసగా యూరోపియన్ కప్ గెలిపించిన కోచ్ అరిగో సాకి ప్రొఫెషనల్‌గా ఆడనేలేదు. మన హైదరాబాద్ రహీమ్ సాబ్ వృత్తిరీత్యా బడిపంతులు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ నాలుగో స్థానంలో నిలిచినా, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చినా కోచ్ ఆయనే.

మాజీ ఆటగాడినని నాకు లైసెన్సు ఎవరూ ఇంటికి తెచ్చివ్వలేదు. డి, సి, బి, ఏ, ప్రో అని మెట్లున్నాయి, ఒక్కొక్కటిగా ఎక్కాలి. అకాడమీలో చేర్పించేటప్పుడు గోడమీద ఫోటోలు కాదు, ఇవి అడగండి: కోచ్ లైసెన్సు ఏది, ఒక్కో కోచ్‌కి ఎంతమంది పిల్లలు, ఫస్ట్ ఎయిడ్ ఎవరికి వచ్చు, వార్మప్ ఎలా చేయిస్తారు. చివరిది తేలిగ్గా తీసుకోవద్దు. ఫిఫా 11+ కిడ్స్ అనే వార్మప్ మీద ఐరోపాలో జరిగిన పెద్ద అధ్యయనంలో పిల్లల గాయాలు దాదాపు సగానికి తగ్గాయి. దానికి పట్టేది పదిహేను, ఇరవై నిమిషాలే.

అపోహ: లక్షలు కడితే స్పెయిన్ క్లబ్బు తీసుకుంటుంది

పద్దెనిమిదేళ్లు నిండకుండా ఆటగాడు ఒక దేశం నుంచి ఇంకో దేశం క్లబ్బుకి మారడాన్ని ఫిఫా నిషేధించింది. మినహాయింపులు ఉన్నా తక్కువే. తల్లిదండ్రులు ఫుట్‌బాల్‌తో సంబంధం లేని కారణంతో ఆ దేశానికి వెళ్లి స్థిరపడితే వర్తించేది వాటిలో ఒకటి. పద్నాలుగేళ్లవాడికి "సెలెక్షన్ గ్యారంటీ" అని డబ్బు అడిగే ఏజెంటు ఈ రూల్ సంగతి చెప్పడు. ట్రిప్‌గా వెళ్లి చూసి రావచ్చు, అంతవరకే.

ఆ డబ్బులో వందోవంతు కూడా అక్కర్లేని పని ఇక్కడే ఉంది. పిల్లాడు ఆడే క్లబ్బు అతన్ని ఫెడరేషన్ ఆన్‌లైన్ వ్యవస్థలో రిజిస్టర్ చేసిందో లేదో కనుక్కోండి. రేపు వాడు డబ్బు చేతులు మారే ట్రాన్స్‌ఫర్‌లో విదేశీ క్లబ్బుకి వెళ్తే, ఆ మొత్తంలో ఐదు శాతం, 12 నుంచి 23 ఏళ్ల మధ్య అతన్ని తీర్చిదిద్దిన క్లబ్బులకు వాటాలుగా వెళ్తుంది. రిజిస్ట్రేషన్ రికార్డు లేకపోతే మన వీధి చివరి క్లబ్బుకి ఆ వాటా అడిగే ఆధారమే ఉండదు.