ప్రశ్నలో లేని వాక్యం: రీజనింగ్ ఊహల మీద అపోహలు, వాస్తవాలు

పద్నాలుగేళ్లుగా పోటీ పరీక్షలకు రీజనింగ్ చెబుతున్నాను. మాక్ టెస్టు అయ్యాక పిల్లలు తప్పు పోయిన బిట్లు పట్టుకుని వస్తారు. "ఈ ఆప్షన్ ఎందుకు పెట్టావో వరసగా చెప్పు" అంటాను. చెబుతూ ఉండగా ఎక్కడో ఒకచోట ప్రశ్నలో లేని వాక్యం ఒకటి వాళ్ల నోట్లోంచి వస్తుంది. "ఆ మాట ఎక్కడుందో చూపించు" అంటే పేపరు మీద వేలు పెట్టి వెతుకుతారు. ఉండదు. అది వాళ్లు చేర్చుకున్నది. పద్ధతి తెలియక పోయిన మార్కు కన్నా ఇలా పోయిన మార్కు నన్ను ఎక్కువ బాధపెడుతుంది. ఎందుకంటే ఆ పిల్లకో పిల్లాడికో విషయమంతా తెలుసు.

ఇలా పైకి చెప్పకుండా దాగి ఉండే ఊహలు (అసంప్షన్లు) రెండు రకాలు. ఒకటి, ప్రకటన చేసినవాళ్లు పైకి చెప్పకుండా ఆధారం చేసుకున్నది. దాన్ని పట్టుకోమనే ప్రశ్న అడుగుతుంది. రెండోది, చదివేవాళ్లు తమకే తెలియకుండా కలుపుకునేది. తప్పు ఆప్షన్లు తయారయ్యేది దీని మీదే. కింద రాసిన అపోహల్లో చాలావరకు ఈ రెండింటినీ కలిపేయడం వల్ల వచ్చినవే.

అపోహ: వాక్యం నిజమైతే అది ఊహ కిందకే వస్తుంది

ఒక బిట్ చూడండి. ప్రకటన: "ఈ వేసవిలో నీటి ఎద్దడి తగ్గాలంటే కార్లను పైపులతో కడగడం మానాలి" అని పురపాలక సంఘం పట్టణవాసులను కోరింది. ఊహ 1: పైపుతో కారు కడిగితే నీళ్లు ఎక్కువ ఖర్చవుతాయి. ఊహ 2: వేసవిలో చెరువుల నీళ్లు ఆవిరైపోతాయి. ఊహ 3: పట్టణంలో అందరూ ఈ మాట వింటారు.

క్లాసులో సగం చేతులు రెండో ఊహకు లేస్తాయి. అడిగితే "నిజమే కదా సార్" అంటారు. నిజమే, కానీ ఈ ప్రకటనకు దాని అవసరం లేదు. చెరువుల నీళ్లు ఆవిరి కాకపోయినా కార్లు కడగొద్దని చెప్పొచ్చు. మొదటిదాన్ని కాదనండి. పైపుతో కడిగినా నీళ్లు పెద్దగా ఖర్చు కావు అనుకోండి. పురపాలక సంఘం మాటకు అర్థమే ఉండదు. కాబట్టి ఊహ అదే. ఊహను కాదని చూడాలి, ప్రకటన కూలితే అది ఊహ, నిలబడితే కాదు. నేను నేర్పే పరీక్ష ఇదొక్కటే.

అయితే కాదనడంలోనే చాలామంది పొరబడతారు. "అందరూ వింటారు" అన్నదాన్ని కాదంటే "ఎవరూ వినరు" అని రాస్తారు. తప్పు. "కొందరు వినరు" అనాలి. కొందరు వినకపోయినా విజ్ఞప్తి చేయొచ్చు కాబట్టి మూడో ఊహ పోతుంది. అదే వాక్యాన్ని "కొందరైనా వింటారు" అని ఇచ్చి ఉంటే? కాదంటే "ఒక్కరూ వినరు" అవుతుంది. ఒక్కరూ విననప్పుడు చెప్పడం ఎందుకు? ప్రకటన కూలింది, ఊహ నిలిచింది. ఒక్క మాట తేడాకు జవాబు మారిపోయింది.

అపోహ: 'మాత్రమే', 'ఎవరూ', 'అన్నీ' కనిపిస్తే కొట్టేయొచ్చు

ఈ షార్ట్‌కట్ చాలా నోట్సుల్లో ఉంది. పిల్లలకు ఇది చేస్తున్న నష్టం చూసి చూసి చెబుతున్నాను, దయచేసి వదిలేయండి.

ఇంట్లో జరిగే సంగతే తీసుకోండి. "బీరువా తెరిచి ఉంది. తాళంచెవి అన్నయ్య దగ్గరే ఉంది. కాబట్టి తెరిచింది అన్నయ్యే." ఇందులో దాగిన ఊహ ఏమిటి? ఆ తాళంచెవితో మాత్రమే బీరువా తెరుచుకుంటుందని. 'మాత్రమే' ఉందని కొట్టేస్తే మార్కు పోయినట్టే. కాదని చూడండి. తాళంచెవి లేకుండా కూడా తెరవొచ్చు అనుకుంటే, అన్నయ్య మీద వేసిన నింద నిలవదు. తీర్మానం ఎంత గట్టిగా ఉంటే దాని కింద ఊహ కూడా అంత గట్టిగా ఉండాలి. "తెరిచింది అన్నయ్యేనేమో" అని ఉంటే 'మాత్రమే' అక్కర్లేదు. చూడాల్సింది ఊహలోని గట్టి మాటను కాదు, తీర్మానంలోని గట్టితనాన్ని.

అపోహ: 'కొన్ని' అంటే 'అన్నీ కాదు' అని

మాటల్లో అంతే. "కొన్ని మామిడిపళ్లు పండాయి" అంటే మిగతావి పండలేదని మనకు అర్థమవుతుంది. తర్కంలో 'కొన్ని' అంటే కనీసం ఒకటి, అంతే. అన్నీ కూడా కావచ్చు. "కొన్ని పెన్నులు పుస్తకాలు" నుంచి "కొన్ని పెన్నులు పుస్తకాలు కావు" రాదు.

దీని పక్కనే ఇంకో చిక్కుంది. "అన్ని పెన్నులు పుస్తకాలు" అంటే "కొన్ని పెన్నులు పుస్తకాలు" వస్తుందా? మన బ్యాంకు పరీక్షల్లో వస్తుంది. ఆధునిక తర్కశాస్త్రంలో రాదు, అసలు పెన్నులే లేకపోవచ్చు కాబట్టి. గణితవేత్త జార్జ్ బూల్ తర్వాత వచ్చిన పద్ధతి ఇది. వెన్ చిత్రాలను 1880లో ప్రవేశపెట్టిన జాన్ వెన్ కూడా ఈ దారివాడే. పరీక్షలు మాత్రం అరిస్టాటిల్ దారిలో, ప్రతి గుంపులోనూ కనీసం ఒక వస్తువు ఉందనుకుని నడుస్తాయి. అంటే ప్రశ్నపత్రంలోనే ఒక ఊహ దాగి ఉంది. ఎంఎస్సీ లెక్కలు చదివినవాళ్లు ఇక్కడ తడబడటం చూశాను. తప్పు వాళ్లది కాదు, ఏ ఊహ మీద పరీక్ష నడుస్తోందో వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

అపోహ: 'ఇలా ఉంటే అలా ఉంటుంది' అన్న వాక్యాన్ని తిప్పి చదివినా ఒకటే

ప్రతి కొత్త బ్యాచ్‌లోనూ నాలుగు అట్టముక్కలు బల్ల మీద పెడతాను. ఒక్కోదానికి ఒకవైపు అక్షరం, రెండోవైపు అంకె. పైకి కనిపించేవి: అ, క, 4, 7. నియమం: "ఒకవైపు అచ్చు ఉంటే రెండోవైపు సరిసంఖ్య ఉండాలి." నియమం తప్పారో లేదో తేల్చడానికి ఏ ముక్కలు తిప్పాలి? ఇంగ్లండ్ మనస్తత్వవేత్త పీటర్ వాసన్ 1966లో ప్రచురించిన ప్రయోగం ఇది. నేను తెలుగు అక్షరాలు పెట్టుకున్నానంతే.

ఎక్కువమంది 'అ', '4' అంటారు. సరైన జవాబు 'అ', '7'. 4 వెనక ఏమున్నా నియమానికి ఇబ్బంది లేదు, సరిసంఖ్య ఉంటే అచ్చు ఉండాలని ఎవరూ అనలేదు కదా. 7 వెనక అచ్చు ఉంటేనే నియమం పోతుంది. మొన్నటి బ్యాచ్‌లో ఒకమ్మాయి ఎంత చెప్పినా ఒప్పుకోలేదు. "నాలుగు సరిసంఖ్య కదా సార్, దాన్ని చూడకుండా ఎలా?" అని పట్టుబట్టింది.

అప్పుడు ముక్కలు పక్కన పెట్టి బస్సెక్కించాను. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం ఉంది. జీరో టికెట్ కావాలంటే తెలంగాణ చిరునామాతో గుర్తింపు కార్డు ఉండాలి. "నువ్వు చెకింగ్‌కి వచ్చావమ్మా. నలుగురు ఆడవాళ్లున్నారు. ఒకరి చేతిలో జీరో టికెట్, ఒకరి చేతిలో డబ్బులిచ్చి కొన్న టికెట్. మిగతా ఇద్దరి కార్డులే కనిపిస్తున్నాయి. ఒకటి వరంగల్‌ది, ఒకటి నాగపూర్‌ది. ఎవరిని ఆపి అడుగుతావు?"

"జీరో టికెట్ ఆవిడ కార్డు, నాగపూర్ ఆవిడ టికెట్" అంది, ఒక్క క్షణం కూడా ఆగలేదు.

"వరంగల్ ఆవిడ టికెట్?"

"ఆవిడ దగ్గర ఏ టికెట్ ఉన్నా తప్పేముంది సార్..." అని ఆగిపోయింది. బల్ల మీది 4 వైపు చూసింది. ఇక నేను చెప్పడానికి ఏమీ మిగల్లేదు.

అక్షరాలూ అంకెలూ ఉన్నప్పుడు తిప్పి చదివేస్తాం, తెలిసిన నియమం అయితే తిప్పం. అందుకే ప్రశ్న మరీ పొడిగా ఉంటే దాన్ని బస్సులోకో బ్యాంకులోకో తీసుకెళ్లి ఆలోచించమంటాను.

అపోహ: జీకే బాగా ఉంటే ప్యాసేజీ బిట్లు తేలిక

సివిల్స్ ప్రిలిమ్స్ రెండో పేపరు సీశాట్‌లో ప్యాసేజీ కింద "ఈ కింది ఊహలు చేయడమైనది" అన్న అర్థం వచ్చే ప్రశ్నలొస్తాయి. పేపరు 200 మార్కులకు, 80 ప్రశ్నలు. ఒక్కోటి రెండున్నర మార్కులు, తప్పయితే అందులో మూడో వంతు పోతుంది. 2015 నుంచి 33 శాతం వస్తే చాలు కదా అని తేలిగ్గా తీసుకుంటారు. ప్యాసేజీలు వ్యవసాయం, పర్యావరణం, పాలన మీద ఉంటాయి. జనరల్ స్టడీస్ ఏళ్ల తరబడి చదివినవాళ్లకు ప్యాసేజీలో లేని సంగతులు పది గుర్తొస్తాయి. వాటిలో ఒకటి ఆప్షన్‌గా కనిపిస్తే చెయ్యి దాని మీదికే పోతుంది. ఎక్కువ చదివినవాళ్లే ఇక్కడ ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి.

అపోహ: రక్తసంబంధాల బిట్లు మనవాళ్లకు కొట్టిన పిండి

వరసలు పెట్టి పిలుచుకునే ఇళ్లలో పెరిగాం కాబట్టి తేలిక అనుకుంటాం. నిజానికి మనకే కష్టం. ఒక బిట్: "ప తండ్రి ర. ర చెల్లెలు స. స కొడుకు త. ప కి త ఏమవుతాడు?" ఆప్షన్లలో కజిన్ ఉంది, బావ ఉంది. తెలుగు మీడియం పిల్లలు కళ్లు మూసుకుని బావ పెడతారు. మేనత్త కొడుకు బావే కదా! కానీ పక్కనున్న ఇంగ్లీషు ప్రశ్నలో 'బావ' ఉన్నచోట 'బ్రదర్ ఇన్ లా' అని ఉంది. అంటే అక్క మొగుడు, భర్త అన్న లాంటి పెళ్లి సంబంధాలు. జవాబు కజిన్.

మన 'బావ'లో ఇంకా రెండు ఊహలున్నాయి. త వయసులో పెద్దవాడని ఒకటి. మేనత్త కొడుక్కీ అక్క మొగుడికీ మనం ఒకే మాట వాడతాం కాబట్టి పెళ్లి సంబంధం కూడా ఉన్నట్టేనని రెండోది. 'అత్త' అయితే మేనత్త కావచ్చు, మామయ్య భార్య కావచ్చు, పెళ్లయ్యాక అత్తగారు కావచ్చు. మేనరికం జరిగిన ఇంట్లో ముగ్గురూ ఒక్కరే కావచ్చు. అలాంటి ఇంటినుంచి వచ్చిన ఒక అబ్బాయి పటం గీసినప్పుడల్లా రెండు గీతలు తనంతట తానే కలిపేసేవాడు. తన ఇంట్లో అవి కలిసే ఉన్నాయి మరి.

నేను చెప్పేది ఇంతే. తెలుగు, ఇంగ్లీషు రెండూ ఇచ్చిన పేపర్లో ఆప్షన్ల ఇంగ్లీషు మాట ఒకసారి చూడండి. పటంలో వరస పేర్లు రాయకండి. తల్లి, తండ్రి, భార్య, భర్త, సంతానం, ఈ గీతలు చాలు. ప్రశ్న చెప్పనిదే ఎవరినీ ఆడా మగా అనుకోవద్దు. సీటింగ్ పజిల్‌లో 'నర్సు' అని చూసి 'ఆమె' అని రాసుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు.

అపోహ: ఈ సబ్జెక్టు ఇంగ్లీషు మీడియం వాళ్లది

ఈ మాట విన్న ప్రతిసారీ అన్నంభట్టు పేరు చెబుతాను. పదిహేడో శతాబ్దపు పండితుడు, ఆంధ్రుడని ప్రసిద్ధి. దేశమంతటా సంస్కృతంలో తర్కం మొదలుపెట్టేవాళ్లు చాలామంది ఇప్పటికీ ఆయన రాసిన తర్కసంగ్రహంతోనే మొదలుపెడతారు. కాలేజీ అధ్యాపకుల అర్హత పరీక్ష యూజీసీ నెట్ మొదటి పేపర్లో 2019 నుంచి వ్యాప్తి (పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉండటం లాంటి తప్పని సంబంధం), హేత్వాభాసాలు (హేతువులా కనిపించే తప్పుడు హేతువులు) సిలబస్‌లోనే ఉన్నాయి.

కొండ మీద పొగ ఉంది కాబట్టి నిప్పు ఉంది, వంటింట్లో లాగా. ఇది సరైన అనుమానం. తర్కంలో అనుమానం అంటే సందేహం కాదు, కనిపించేదాన్ని బట్టి కనిపించనిదాన్ని తేల్చడం. తిప్పి చూడండి: కొండ మీద నిప్పు ఉంది కాబట్టి పొగ ఉంది. ఇది చెల్లదు. ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పుంది, పొగ లేదు. పొగ రావాలంటే ఇంకో షరతు కావాలి, అది ఎవరూ పైకి చెప్పలేదు. అలా దాగిన షరతుకు నైయాయికులు, అంటే మన పాత తర్కపండితులు, పెట్టిన పేరు ఉపాధి.

ఇది చెప్పి, ఆ షరతేమిటో కనిపెట్టమని క్లాసును అడిగాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. వెనక బెంచీలో ఒకబ్బాయి లేచాడు. ఊళ్లో తెలుగు మీడియంలో చదివి వచ్చినవాడు, ఎప్పుడూ నోరు విప్పడు.

"ఇనుప గుండు దాకా ఎందుకు సార్, మా ఇంట్లో గ్యాస్ పొయ్యి ఉంది. మంట ఉంటుంది, పొగ రాదు. వానాకాలం మా నాయనమ్మ కట్టెల పొయ్యి వెలిగిస్తే మాత్రం ఇల్లంతా పొగే. కట్టెలు తడిసి ఉంటాయి కదా."

తర్కసంగ్రహంలో ఉన్న జవాబు కూడా అదే: తడి కట్టె.