రోకలిబండల గురించి తాతయ్య ఉత్తరం

ఒరేయ్ చిన్నోడా, బుజ్జితల్లీ,

మొన్న వీడియో కాల్లో ఓ పురుగుని చూపించి తాతయ్యా ఇది కరుస్తుందా అని అడిగారు కదా, కరవదు. అది జెర్రి కాదు, రోకలిబండ. జెర్రికి కణుపుకి ఒక్క జతే కాళ్ళు, విషం కూడా ఉంటుంది, వేటాడి తింటుంది. రోకలిబండకి మొదటి నాలుగు కణుపులు వదిలేస్తే మిగతావాటికి రెండేసి జతలు, తినేది కుళ్ళిన ఆకులూ మెత్తబడ్డ పుల్లలూ అంతే.

వానాకాలం సెలవులిస్తే ఇటు రండి, పాపికొండల అడవి చూపిస్తా. 2008లో దాన్ని నేషనల్ పార్క్ చేశారు, వెయ్యి చదరపు కిలోమీటర్ల పైమాటే. అందరూ బోటెక్కి కొండలకేసి చూసి సెల్ఫీలు దిగి పోతారు, నేల మీదేముందో ఎవడికీ పట్టదు. మన అడవుల్లో వంగి చూస్తే ఎన్ని రకాలో! లావుగా గుండ్రంగా ఉండేవి తలతో మట్టిని తోసుకుంటూ లోపలికి పోతాయి, పక్కలకి అంచులున్న చదునువి రెండు ఆకుల సందులో దూరి వీపుతో పైకెత్తి దారి చేసుకుంటాయి, ఇంక బెరడు కింద రెండు మూడు మిల్లీమీటర్ల బుల్లివి, ఒళ్ళంతా కుచ్చు వెంట్రుకలు, వాటిని చూస్తే రోకలిబండ అనే అనుకోరు. ఎవరి చోటు వాళ్ళది కాబట్టి ఒకే దుంగ దగ్గర నాలుగు రకాలున్నా గొడవ లేదు.

తిన్న ఆకులో వాటి ఒంటికి పట్టేది కొంచెమే, మిగతాదంతా పొడిపొడిగా పెంటికల్లో బయటికొస్తుంది, దాని మీద బూజూ బ్యాక్టీరియా తొందరగా పెరిగి ఆకులోని సత్తువంతా మట్టిలోకి, అక్కణ్ణించి చెట్టుకి. కొన్నయితే వాటి పెంటికలు అవే మళ్ళీ తింటాయి (ఛీ అనకండి, అందులో సూక్ష్మజీవులు పెరిగుంటాయి కదా, బలం).

ముట్టుకుంటే మస్కిటో కాయిల్ లాగా చుట్టుకుంటాయి. కొన్ని రకాలు వదిలే రసం చేతికి గోధుమరంగు మరక చేస్తుంది, కొన్ని చదునువైతే ఏకంగా సైనైడే వదులుతాయి, బాదం వాసనొస్తుంది. మనిషికి ప్రమాదమేం లేదు గానీ ఆ చేత్తో కళ్ళు నలుపుకోవద్దు, ముందు సబ్బుతో కడుక్కోండి.

కాళ్ళెన్ని అన్నావుగా చిన్నోడా, గుడ్డులోంచి వచ్చినప్పుడు మామూలుగా మూడు జతలే, కుబుసం విడిచినప్పుడల్లా కణుపులు పెరుగుతాయి. రోకలిబండని సహస్రపాది, అంటే వెయ్యికాళ్ళది అంటారు గానీ నిజంగా వెయ్యి దాటింది 2021లో ఆస్ట్రేలియాలో బయటపెట్టినదొక్కటే, 1,306 కాళ్ళు, భూమిలో అరవై మీటర్ల లోతున దొరికింది.

ఎండ వాటికి పడదు, ఒంట్లో తడి తొందరగా ఆరిపోతుంది, అందుకే ఎండాకాలం మట్టిలోకి దిగిపోయి తొలకరికి పైకొస్తాయి. ఏజెన్సీలో ఇప్పపూలు ఏరుకోడానికి చెట్టుకింద ఆకులు తగలబెడతారు, వాళ్ళని తప్పుపట్టను, పువ్వు కనపడాలి కదా, కానీ మంట పక్కకి పాకిందంటే లోతుకి వెళ్ళినవి బతుకుతాయి, దుంగల్లో ఉన్నవి పోతాయి, మిగిలినవాటికి వానల్లో తినాల్సిన ఆకు బూడిదే. రెక్కల్లేవు, నడక నెమ్మది, పక్క కొండ నించి మళ్ళీ వచ్చి చేరాలంటే ఏళ్ళు పడుతుంది, కొన్ని రకాలైతే ఆ ఒక్క కొండలోనే ఉంటాయి, అవి పోతే ఇంకెక్కణ్ణించి వస్తాయి?

వచ్చేటప్పుడు టార్చి తెచ్చుకోండి, అవి రాత్రిపూటే ఎక్కువ తిరుగుతాయి. చెప్పులు కాదు, బూట్లు.

మీ తాతయ్య